గాదెలో కేక

కళను కళాకారుడి నుంచి వేరు చేసి చూడాలి అనని పెద్దమనిషి ఈ రాష్ట్రంలో లేడు. అన్నవాళ్లే గాని, చేసి చూపించినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ లోటు మా పరిషత్తు తీర్చింది.

మాది చలనచిత్ర కళా పరిషత్తు. నేనందులో సహాయ కార్యదర్శిని. అంటే అధ్యక్షులవారికి ఆలోచన వచ్చినప్పుడల్లా దానికి నంబరు వేసి, ఉత్తర్వుగా మార్చి, తర్వాత వచ్చే తిట్లు తినే ఉద్యోగం. మా అధ్యక్షులు ఆచార్య గంధం సత్యవ్రతం గారు. ఆయన మంచినీళ్లు అడగాలన్నా ముందు ఉపోద్ఘాతం ఉంటుంది. ఆ ఉపోద్ఘాతం అయ్యేలోపు దాహం మనకు వేస్తుంది.

ఆ ఏడు ఉత్తమ చిత్రంగా 'గాదె'ను ఎంపిక చేశాం. తీసినవాడు శశాంకమౌళి అనే దర్శకుడు. ఆకలితో వచ్చినవాళ్లకు మానెడు వడ్లు పోసిందన్న నేరానికి సీతాలు అనే కోడల్ని అత్తగారు ధాన్యపు గాదెలోకి తోసి మూత వేసేస్తుంది. ఆడవాళ్లను హింసించకూడదని గుండెలు పిండి చెప్పే సినిమా. చూసినవాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు. చిక్కల్లా ఏమిటంటే, ఆ సినిమా తీసినన్నాళ్లూ శశాంకమౌళి ఆడవాళ్లను హింసిస్తూనే ఉన్నాడని తర్వాత బయటపడింది. మేకప్ అమ్మాయి దగ్గర్నుంచి సహాయ దర్శకురాలి దాకా ఒకరి తర్వాత ఒకరు నోరు విప్పారు. అవార్డు ఇస్తే జనం తిడతారు, ఇవ్వకపోతే మేధావులు తిడతారు. మా పరిషత్తుకు జనం అంటే భయం లేదు గాని మేధావులంటే వణుకు.

అధ్యక్షులవారు సమావేశం పెట్టి, శాలువా సర్దుకుని సెలవిచ్చారు: "చంద్రునిలో మచ్చ ఉన్నదని వెన్నెలను బహిష్కరింతుమా? కృతి వేరు, కర్త వేరు. ఈ వివేచనను మాటలకే పరిమితం చేయక పరిపాలనాపరంగా అమలు చేయవలసిన చారిత్రక ఘడియ ఆసన్నమైనది."

చంద్రుడు ఎవరినీ గాదెలో పెట్టి మూత వేయలేదు కదండీ అని నేను అనలేదు. నాకింకా సర్వీసుంది.

అలా వేర్పాటు ఉత్తర్వు పుట్టింది. మా కార్యాలయం నాలుగో అంతస్తులో ఒక పెద్ద హాలు. దాని మధ్యలో చెక్కగోడ కట్టించాం. ఇటు కళా విభాగం, అటు వ్యక్తి విభాగం. సినిమాల సంగతి కళా విభాగం చూస్తుంది, తీసినవాళ్ల సంగతి వ్యక్తి విభాగం చూస్తుంది. ఒక విభాగం మరో విభాగంతో మాట్లాడరాదు, ఉత్తర ప్రత్యుత్తరాలు జరపరాదు. ఆస్తులు కూడా పంచేశాం. ఫ్యాను కళ వైపు పడింది, దాని రెగ్యులేటరు వ్యక్తి వైపు ఉండిపోయింది. లిఫ్టు గోడకు పాత సినిమా పోస్టరు అంటించి ఉంది కనుక లిఫ్టు కళా విభాగానికి వెళ్లింది. దాని తాళంచెవి వ్యక్తి విభాగానికి చెందింది. సినిమా టైటిల్సులో దర్శకుడి పేరు తీసేసి, 'ఈ చిత్రమునకు దర్శకత్వము జరిగినది' అని వేయించాం. వాన కురిసినట్టు, తుమ్ము వచ్చినట్టు, దర్శకత్వం కూడా దానంతట అది జరుగుతుందన్నమాట. మేధావులు హర్షించారు. ఒక పత్రికలో మా చెక్కగోడ ఫోటో కూడా వేశారు.

ఆ గోడకు వేసిన పెయింటు తడి ఆరకముందే సుగుణ వచ్చింది.

బెవర సుగుణ శ్రీకాకుళం వైపు నాటకాలాడుకునే మనిషి. 'గాదె'లో సీతాలు ఆమే. నాలుగంతస్తులు మెట్లెక్కి వచ్చినట్టుంది, చెమటలు కక్కుతూ నా బల్ల ముందు నిలబడింది. కుర్చీ చూపిస్తే దాన్ని తలుపు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"నాకు డబ్బులొద్దు, పేరొద్దు బాబూ. ఆ సినిమాలో నా కేకుంది. అది తీసీమని చెప్పండి చాలు," అంది.

"కేకేమిటమ్మా?"

"సినిమా అంతా నా గొంతు కాదండి. మా యాస పనికిరాదని వేరే అమ్మాయి చేత డబ్బింగు చెప్పించినారు. ఆ గాదెలో కేకొక్కటే నాది. మూత వేసీసి వెంటనే తీసీస్తామన్నాడా దర్శకుడు. వేసినాక ఎవ్వరినీ తియ్యొద్దన్నాడు. లోపల వడ్లు పీకల దాకా వచ్చీసినాయి. ఊపిరాడదు, ఏటీ కనపడదు. నేను నటించినాననుకున్నారు గాని, నిజంగా చచ్చిపోతన్నాననుకున్నాను బాబూ. ఆ అరుపు అలగే ఉంచీసినాడు."

మన సినిమాల్లో కనిపించే మొహం ఒకరిదీ వినిపించే గొంతు మరొకరిదీ కావడం మామూలే. షూటింగులో దొరికే ముడి శబ్దం డబ్బింగు వాళ్లకు ఆనవాలుగా పనికొస్తుంది, తర్వాత చెరిపేస్తారు. శశాంకమౌళి ఆ ఒక్క చోట చెరపలేదు. డబ్బింగు అమ్మాయి ఎంత అరిచినా ఆయనకు అబద్ధంగా వినిపించిందట. అందుకే తెర మీద గాదె లోపల్నుంచి వచ్చే కేక 'అత్తా' అని ఉండదు. 'తియ్యండి సార్, తియ్యండి సార్' అని ఉంటుంది. పల్లెటూరి కోడలు అత్తగారిని సార్ అని ఎందుకు పిలుస్తుందని మా ఎంపిక సంఘంలో ఎవరికీ అనుమానం రాలేదు. పైగా తమ నివేదికలో ఇలా రాశారు: 'సార్ అను సంబోధన ద్వారా సీతాలు యావత్ వ్యవస్థనూ నిలదీయుచున్నది.' ఆమె పిలిచింది మానిటర్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్న ఒక్క మనిషిని. అది అర్థం చేసుకోవడానికి చదువు అవసరం లేదు, కాస్త సిగ్గు ఉంటే చాలు.

ఉత్తర్వు ప్రకారం ఆమెను ముందు వ్యక్తి విభాగానికి పంపాను. దాని అధిపతి పురుషోత్తం గారు అర్జీని కళ్లజోడు పైనుంచి ఒకసారి, కిందినుంచి ఒకసారి చూశారు.

"సదరు సంఘటన ఎక్కడ జరిగిందమ్మా?"

"గాదెలోనండి."

"ఆ గాదె ఎక్కడుంది?"

"సెట్లో ఉండేది. తీసీసినారు. ఇప్పుడు సినిమాలోనే ఉంది."

"చూశావా! సినిమాలో ఉన్న గాదె మీద మాకు అధికార పరిధి లేదు. మేము వ్యక్తుల వరకే. అవతలి తలుపుకి వెళ్లు."

అవతల కళా విభాగం అధిపతి హైమవతి గారు చాలా మర్యాదస్తురాలు. సుగుణను కూర్చోబెట్టి, టీ తెప్పించి, మెత్తగా చెప్పారు. "చిత్రం అచేతనం కదమ్మా. దానికి చేతులుండవు. చేతులు లేనిది మూతెలా వేస్తుంది? మూత వేయించినది వ్యక్తి. కావున నీ ఫిర్యాదు అవతలి తలుపులో చేసుకోవాలి."

సుగుణ ఆ తలుపుకీ ఈ తలుపుకీ తిరుగుతూనే ఉంది. చెక్కగోడకు చెప్పుకున్నా నయమే, అది కనీసం అవతలి తలుపుకి పొమ్మనదు. రెండు విభాగాల వారినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి ఆమె మాట వింటే పోలా అని అధ్యక్షులవారికి మనవి చేశాను. ఆయన ఉలిక్కిపడ్డారు.

"ఒకే బల్లా? అనగా సంకలనం! మనం ఏ మహత్తర వేర్పాటును సాధించితిమో దానిని ఒక బల్ల కొరకు భగ్నం చేయుదుమా?" అన్నారు. కాసేపు కళ్లు మూసుకుని, "మనలో లోపమున్నది. వేర్పాటు సగమే జరిగినది. నటి నుంచి పాత్రను వేరు చేయుట మరచితిమి," అన్నారు.

అలా పాత్ర విభాగం పుట్టింది. దానికి హాల్లో చోటు లేదు కనుక వరండాలో పెట్టారు. దానికి అధిపతిని నేనే. జీతం పెరగలేదు, కుర్చీ పెరిగింది. మొదటి ఉత్తర్వు కూడా నా చేతే రాయించి, సుగుణకు చదివి వినిపించమన్నారు.

"గాదెలో ఉన్నది సీతాలు అను పాత్ర. కేక వేసినదీ పాత్రే. అర్జీదారు సుగుణ సదరు గాదెలో ఎన్నడూ లేదు," అని చదివాను. చదువుతుంటే నా నోరు నాకే చేదుగా ఉంది.

సుగుణ కోప్పడలేదు. నెమ్మదిగా అడిగింది. "సీతాలు బయటికొచ్చీసింది గదా బాబూ. సినిమా చివర్న మొగుడొచ్చి మూత తీసీసినాడు. నవ్వుతూ ఇంటికెళ్లిపోయింది. మరి ఇప్పటికీ తలుపేసుకుని పడుకోలేనిది ఎవరు? స్నానాలగది గడియ పెట్టుకోలేనిది ఎవరు? లిఫ్టెక్కలేక నాలుగంతస్తులు మెట్లెక్కొచ్చి మీకాడ కూకున్నది ఎవరు?"

"అది వ్యక్తి విభాగం చూసుకుంటుందమ్మా," అన్నాను. నాకు ఒళ్లు మండింది. కాని ఒళ్లు మండితే అది ఏ విభాగం కిందికి వస్తుందో ఉత్తర్వులో లేదు.

తర్వాత శశాంకమౌళి విచారణకు వచ్చాడు. నల్ల చొక్కా, నల్ల కళ్లద్దాలు, మెడలో రుద్రాక్ష. వ్యక్తి విభాగంలో కుర్చీ మీద వెనక్కి వాలి అన్నాడు: "ఆ టైములో శశాంకమౌళి అనే మనిషి అక్కడ లేడండీ. ఒంట్లో కళ పూనింది. మూత తియ్యొద్దన్నది అదే." పురుషోత్తం గారు 'సంఘటనా సమయమున వ్యక్తి గైర్హాజరు' అని రాసుకున్నారు. తర్వాత గోడ అవతలికి వెళ్లి కళ్లద్దాలు తీశాడు. "అసలు నేను సినిమా తీయలేదు మేడమ్. అదే నా ద్వారా వచ్చింది. నేనెంత, వట్టి గొట్టాన్ని," అన్నాడు. హైమవతి గారి కళ్లు చెమర్చాయి. 'చిత్రమునకు కర్త లేడు' అని ఆవిడ రాసుకున్నారు. ఒకే నోరు గోడకు ఇటు ఒకమాట, అటు ఒకమాట చెప్పింది. రెండు దస్త్రాలూ కలిపి చదవడం నిషేధం కనుక ఎవరికీ తేడా కనిపించలేదు. తుది నివేదికలో గాదె మూత దానంతట అదే పడినట్టు తేలింది. శశాంకమౌళికి నిర్లిప్తతా ధ్రువపత్రం ఇచ్చాం. దాన్ని ఆయన పటం కట్టించుకున్నాడు.

ఈ సంగతి పత్రికల్లో రాగానే మా మెట్ల మీద జాతర మొదలైంది. వంతెన కట్టిన కాంట్రాక్టరు ఒకాయన వచ్చి, వంతెనను వంతెనగానే చూడాలి గాని, అందులో తాను కలిపిన ఇసుకతో ముడిపెట్టి చూడటం సంకుచితత్వమని వాదించాడు. వంతెన అప్పటికే కూలిపోయింది కాబట్టి వేరు చేయడం తేలికైంది. పెళ్లి భోజనం తిని పందిరి పందిరంతా ఆసుపత్రి పాలైతే, ఆ వంటాయన వచ్చి రుచిని మాత్రమే పరిగణించమన్నాడు. అధ్యక్షులవారు పొంగిపోయి, ఇది ఒక తాత్విక ఉద్యమమైందని అన్నారు. తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టు, ఒక్క కేక సంగతి తేల్చలేని పరిషత్తు లోకం మీద పడింది.

అవార్డు రోజు వచ్చింది. అప్పుడు తెలిసింది అసలు చిక్కు. చిత్రానికి కర్త లేడని మేమే రాసిచ్చాం. మరి జ్ఞాపిక ఎవరు అందుకోవాలి? శశాంకమౌళి లబలబలాడాడు. సినిమా తనది కాదని చెప్పినవాడే, "నా సినిమా, నా చెమట" అని బల్ల గుద్దాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. అధ్యక్షులవారు అప్పటికప్పుడు తాత్కాలిక సంయోగ ఉత్తర్వు జారీ చేశారు. శాలువా కప్పింది మొదలు, కింద తోటలో ఫోటో తీసేదాకా చిత్రమూ దర్శకుడూ ఒక్కటే. ఫోటో అయిన మరుక్షణం మళ్లీ వేరు.

సభ మా నాలుగో అంతస్తులోనే జరిగింది. సుగుణ కథానాయిక కదా, ఆహ్వానం వెళ్లింది. తెరిచి ఉన్న తలుపు పక్కన నిలబడింది. చప్పట్ల మధ్య శశాంకమౌళి భుజాల మీద శాలువా పడగానే ఆమె గొంతు వినిపించింది.

"అధ్యక్షుల గారండీ! ఇప్పుడు కలిపీసినారు గదా? సినిమా, ఆయన ఒకటే గదా? అయితే నా అర్జీ ఇప్పుడు వినండి. మళ్లీ విడదీసీలోపు వినీండి."

నేను లోలోపల చప్పట్లు కొట్టాను. పురుషోత్తం గారు హైమవతి గారి వైపు చూడబోయి, నిషేధం గుర్తొచ్చి గోడ వైపు చూశారు. అధ్యక్షులవారు మాత్రం తడుముకోలేదు.

"తల్లీ, సంయోగము సన్మానము మేరకే. బాధ్యత మేరకు కాదు," అని, జ్ఞాపిక చేతికిచ్చి, శశాంకమౌళి భుజం మీద చెయ్యేసి ఫోటోకని లిఫ్టెక్కారు.

లిఫ్టు కదిలింది, గరగరమంది, మా అంతస్తుకు కాస్త దిగువన ఆగిపోయింది. దీపం ఆరిపోయింది. పక్కన మెట్ల మీద మేమంతా గుమిగూడాం. మొదట అధ్యక్షులవారి కంఠం గంభీరంగా వినిపించింది: "విద్యుత్ సరఫరాలో అంతరాయము సంభవించినట్లు గోచరించుచున్నది. తగు చర్య గైకొనగలరు." లిఫ్టు నడిపేవాడు బూరెలు తినడానికి వెళ్లాడు. తాళంచెవి ఉంటే తలుపు తెరిచి బయటికి లాగొచ్చు. తాళంచెవి పురుషోత్తం గారి చేతిలోనే ఉంది.

"ఇవ్వండి," అన్నాను.

"ఎలా ఇస్తాను? తాళంచెవి మాది, లిఫ్టు వాళ్లది. వారు రాతపూర్వకంగా కోరాలి."

"నేను వ్యక్తి విభాగానికి రాయకూడదని ఉత్తర్వు," అన్నారు హైమవతి గారు గోడ వైపు తిరిగి. "పైగా లోపల ఉన్నదెవరో తేలాలి. ఫోటో ఇంకా కాలేదు. అంటే దర్శకుడొక్కడే కాదు, చిత్రం కూడా లోపల ఉన్నట్టే."

"ఒరే, తియ్యండ్రా!" అని అధ్యక్షులవారు కేక పెట్టారు. ఆయన నోట ఉపోద్ఘాతం లేని వాక్యం నేను వినడం అదే మొదలు.

వెంటనే ఇంకో గొంతు లేచింది. గోడలు గీరుతున్నట్టు, ఊపిరి తెగిపోతున్నట్టు. "తియ్యండి సార్! ఎవరైనా తియ్యండి సార్! చచ్చిపోతాను సార్!" జనం ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు.

ఇంటికని దిగబోతున్న సుగుణ మెట్ల మీద ఆగిపోయింది. ఆ కేక వినగానే మొహంలో నెత్తురు చుక్క లేదు. కమ్మీ పట్టుకుని నిలదొక్కుకుంది.

"లోపలెవరు?" అంది.

"అది పరిశీలనలో ఉంది," అన్నారు హైమవతి గారు.

సుగుణ కాసేపు విని, "సార్ అంతన్నాడు. వ్యవస్థని నిలదీస్తన్నాడేటి?" అంది.

ఆమె చెయ్యి చాచి పురుషోత్తం గారి చేతిలోని తాళంచెవి లాక్కుంది. నా చేతిలో పెట్టింది.

"తీసీండి బాబూ. ఎవడైతేనేటి, లోపల మనిషున్నాడు," అంది.

తీశాను. అధ్యక్షులవారు పాకుతూ వచ్చారు. వెనకాల శశాంకమౌళి శాలువాలో చుట్టుకుపోయి, చిన్నపిల్లాడిలా వెక్కుతూ వచ్చి మెట్టు మీద కూలబడ్డాడు. సుగుణ తన నీళ్ల సీసా అందించింది. గటగటా తాగి, ఎవరిచ్చారో కూడా చూడకుండా సీసా పక్కన పెట్టాడు.

సాయంత్రానికల్లా ఆ కేక రాష్ట్రంలో అందరి ఫోన్లలోకీ చేరింది. కాలేజీ పిల్లలు దానికి డప్పు కలిపి పాట కట్టారు. మర్నాడు పొద్దున్నే శశాంకమౌళి ఆ కేక తీయించమని అర్జీ పట్టుకుని వచ్చాడు. అధ్యక్షులవారు దాన్ని ఏ విభాగానికీ పంపలేదు. తన చేత్తోనే ఉత్తర్వు రాశారు: 'ప్రాణభయమున మనిషి వేసిన కేక ఆ మనిషి సొత్తు. అతని అనుమతి లేక దానిని వినుట, వినిపించుట, దానిచే ఆనందించుట హింసతో సమానము. తక్షణం తొలగించవలెను.' మధ్యాహ్నానికి చాలా చోట్ల తీయించారు కూడా. మా పరిషత్తు అంత వేగంగా పని చేయగలదని నాకు అంతవరకూ తెలియదు.

సుగుణ ఆ అర్జీ, ఉత్తర్వు పేపర్లో చూసి వచ్చింది. అదే అర్జీ, అదే ఉత్తర్వు, అక్షరం పొల్లుపోకుండా దించి తెచ్చింది.

"ఒక్క పేరే మార్చినానండి," అని అధ్యక్షులవారి ముందు పెట్టింది. "ఆయనకిచ్చిందే నాకూ ఇచ్చీండి."

ఆయన చదివారు. మళ్లీ చదివారు. ఇంత గోడ కట్టిన మనిషికి ఇప్పుడు ఏ కంత దొరుకుతుందా అని చూస్తున్నాను. ఆయన కళ్లజోడు తీసి, ఎంతో దయగా నవ్వారు.

"అమ్మా, భేదమున్నది. శశాంకమౌళి కేకలో కళ లేదు. భయము తప్ప ఏమీ లేదు. అందుచే అది ఆయన సొంతం. నీ కేక అటువంటిది కాదు. మహోన్నతమైనది. అది జాతి సంపద. జాతి సంపదను నీకు తిరిగి ఇచ్చు అధికారం మాకు లేదు."

సుగుణ కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. గది తలుపు ఎవరో మూసి ఉంచారు. ముందు దాన్ని బార్లా తీసి, గుమ్మంలో ఆగి అంది:

"అయితే నేను బాగా అరిచీడమే నా తప్పన్నమాట."

మెట్ల మీద ఆమె అడుగుల చప్పుడు కిందికంటా వినిపించింది. అధ్యక్షులవారు శాలువా కొంగుతో కళ్లజోడు తుడుచుకున్నారు. పశ్చాత్తాపపడుతున్నారేమో అనుకున్నాను. చివరికి నా వైపు తిరిగి, ఆ వాక్యం చాలా బాగుందనీ, చిత్రం పోస్టరు మీద వేయించమనీ ఆదేశించారు.